బుడ్డోడి తానం నీళ్లు

ఇంట్లో వేడినీళ్లు సరిగ్గా వచ్చిన రోజున మనుమణ్ణి తీసుకొస్తానని చెప్పి బాలమ్మ జనగామ బస్సెక్కింది. చంకలో పిల్లవాడు, భుజాన వాడి గుడ్డల సంచి. బస్సు కదులుతుంటే వాడు కిటికీలోంచి తల్లిని చూసి నవ్వాడు. తల్లి కూడా ఎక్కుతుందనుకున్నాడు కాబోలు. మలుపు తిరిగేదాకా ప్రవళిక చెయ్యి ఊపుతూనే ఉంది.

అప్పటినుంచి ప్రవళికకు స్నానాల గదిలో గోడకు వేలాడే గీజరును చూస్తే ఒంటికి కారం రాసుకున్నట్టు ఉండేది. అందులో ఎర్రలైటు వెలుగుతుంది, ఆరుతుంది. అంటే నీళ్లు కాగాయనే అర్థం. నల్లా తిప్పితే మొదటి చెంబు వెచ్చగానే వస్తుంది. బకెట్టు సగం నిండేసరికి మాత్రం వేడి ఎటుపోతుందో పోతుంది. పెద్దవాళ్లు ఒళ్లు బిగపట్టుకుని పోసుకోవచ్చు. తొమ్మిదో నెల పిల్లవాడికి, అందులోనూ ఛాతీలో నెమ్ము చేరి లేచిన పిల్లవాడికి, పనికొచ్చే నీళ్లు కావు.

ఇల్లు మూసాపేట మెట్రో స్టేషన్ వెనక సందులో, రెండో అంతస్తు. ప్రవళిక బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. మాదాపూర్‌లో మెడికల్ కోడింగ్ ఉద్యోగం. ఎక్కడో అమెరికాలో దవాఖానకు వెళ్లిన వాళ్ల రిపోర్టులు చదివి, ఏ జబ్బుకు ఏ కోడో వెయ్యాలి. ఆమె బల్లకు వచ్చేవి ఎక్కువగా పసిపిల్లల రిపోర్టులు. పెళ్లికి ముందు అవి ఆమెకు ఒట్టి అక్షరాలు, అంకెలు. బుడ్డోడు పుట్టాక ఒక్కొక్క రిపోర్టులో ఒక్కొక్క పిల్లవాడు దగ్గడం మొదలుపెట్టాడు. న్యుమోనియా కోడ్ కొట్టిన ప్రతిసారీ ఆమె చెయ్యి ఫోన్ మీదికి పోయేది. ఇంటికి ఫోన్ చేసి, వాడు ఎట్లా ఊపిరి తీస్తున్నాడని అత్తను అడిగేది. ‘ముక్కుతోనే తీస్తున్నడు బిడ్డా’ అనేది బాలమ్మ.

ప్రసూతి సెలవు అయిపోయి ప్రవళిక మళ్లీ ఉద్యోగంలో చేరేటప్పుడు, దసరా వెళ్లగానే, బాలమ్మ ఊరి నుంచి వచ్చింది. బర్రెను మొగుడు రాములుకు అప్పజెప్పి వచ్చింది. ప్రవళిక భర్త మహేందర్ ఒక కంపెనీలో ఉద్యోగుల క్యాబ్‌లు చూసుకునే సూపర్‌వైజర్, ఎప్పుడు పోతాడో ఎప్పుడు వస్తాడో తెలియదు. కాబట్టి పొద్దంతా ఇంట్లో నానమ్మ, మనుమడే. ఆమె పద్ధతులు ఆమెవి. డైపర్ చూస్తే మూతి ముడిచేది. పిలగాడికి సంచి కట్టినట్టున్నదని, గాలాడదని, పాత ధోవతులు చింపి గుడ్డలు చేసి అవే కట్టేది. వాటిని వాషింగ్ మెషీన్లో వెయ్యనిచ్చేది కాదు. వంటింటి వెనక అంట్లు తోముకునే చోట పీట వేసుకుని, వేడినీళ్లతో తన చేత్తో ఉతికి, దండెం మీద ఎండకు ఆరేసేది. తానం పోసేటప్పుడైతే కాళ్లు చాపుకుని, వాణ్ణి కాళ్ల మీద బోర్లా వేసుకుని, నూనె రాసి, ముక్కు, భుజాలు, వెన్ను సాగదీసి, ఒకటే ముచ్చట్లు. ఆ గది తలుపు మూస్తే ఇద్దరి నవ్వులే వినబడేవి.

చలి మొదలయ్యాక నీళ్లు చల్లబడటం మొదలైంది. నీళ్లు సక్కగ కాగుతలేవని బాలమ్మ ఒకటి రెండుసార్లు చెప్పింది. చూద్దాం, చూద్దామని కొడుకూ కోడలూ దాటేశారు. ఇంతలో పిల్లవాడికి దగ్గు పట్టింది. ఒక రాత్రి పక్కటెముకలు ఎగిరెగిరి పడుతుంటే దవాఖానకు పరుగెత్తారు. పొగ పట్టించారు, మందులు ఇచ్చారు. చలి ఎక్కడ తగిలిందని డాక్టరు అడిగితే ప్రవళిక, ‘మా అత్తమ్మ తానం పోస్తది సార్. నీళ్లు సరిగ్గ చూసుకోలేదేమో’ అంది. వెనక కుర్చీలో పిల్లవాడి టోపీ పట్టుకుని బాలమ్మ కూర్చుని ఉంది.

ఇంటికొచ్చాక, పిల్లవాడు నిద్రపోయాక అంది.

‘నీళ్లు ఎంత కాగినయో నా చెయ్యికి తెల్వదా బిడ్డా? ముగ్గురిని పెంచిన. బకీట్ల పట్టంగ పట్టంగ సల్లవడుతున్నయి. మాయ నా చేతిల లేదు, మీ మిషిన్ల ఉన్నది.’

గ్యాస్ మీద కాగబెట్టుకుందామని మహేందర్ అన్నాడు. పాకే పిల్లవాడు కాళ్లకు అడ్డం పడే ఇంట్లో మసిలే నీళ్ల గంజు పట్టుకుని నడవనంది బాలమ్మ. బకెట్టులో పెట్టే కరెంటు రాడ్ మాటెత్తితే ఆమె చెంపలేసుకుంది. ఊళ్లో కట్టెల పొయ్యి మీద నీళ్ల కాగు ఎప్పుడూ ఉంటుంది, చలి పోయేదాకా, లేకపోతే మీ మిషిన్ బాగయ్యేదాకా, వాణ్ణి నేను చూసుకుంటానంది. ఆమె వెళ్లడానికి నీళ్లొక్కటే కారణం కాదని ముగ్గురికీ తెలుసు. అయినా ఆ మాట ఎవరూ అనలేదు. గీజరు మీద పెట్టుకుంటే ఎవరి ముఖమూ ఎవరూ చూడకుండా మాట్లాడుకోవచ్చు.

ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయింది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీస్తే పాల వాసన, నూనె వాసన, సాంబ్రాణి వాసన కలిసి ఎదురొచ్చేవి. అవి రోజుకింత పలచబడుతూ వచ్చాయి. వాడి దుప్పటి ఉతకకుండా ఉంచింది. ఆఫీసులో తల్లుల కోసం పెట్టిన చిన్న గదిలో రోజూ కూర్చుని పాలు పిండి పారబోసేది, వాడు వచ్చేసరికి ఇంకిపోకూడదని. అవి కూడా తగ్గుతూ వచ్చాయి. అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు ఎవరి భుజం మీదైనా పిల్లవాడు నిద్రపోతూ కనిపిస్తే, ఆ డబ్బాలోకి ఎక్కేది కాదు.

రాత్రి వీడియో కాల్లో వాణ్ణి చూపించేవారు. మొదట్లో ఫోన్‌లో తల్లి గొంతు వినగానే చేతులు చాచేవాడు. పోను పోను ఫోన్‌ను నోట్లో పెట్టుకోవడానికే చేతులు చాచాడు. ఒకరోజు తల్లి పిలుస్తుంటే వాడు ఫోన్ వంక కాక, పక్కన కూర్చున్న నానమ్మ ముఖం వంక చూసి నవ్వాడు. ఫోన్ పెట్టేశాక ప్రవళిక గీజరు కంపెనీ నంబరు వెతికింది.

స్వామి అని ఒక మెకానిక్ వచ్చాడు. గీజరు విప్పి చూస్తే లోపల నీళ్లు కాగబెట్టే రాడ్‌కు బోరు నీళ్ల సున్నం మందంగా పేరుకుని ఉంది. కొత్తది వేశాడు. అదే దోషం అనుకుని ప్రవళిక ఆ సాయంత్రమే అత్తకు ఫోన్ చేయబోయి, ఎందుకైనా మంచిదని బకెట్టు నింపి చూసింది. మళ్లీ గోరువెచ్చనే. స్వామి మళ్లీ వచ్చి, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ మార్చాడు. అయినా అంతే. ఇంటి యజమాని భీమేశ్వరరావు గారు మూడో అంతస్తు నుంచి దిగి వచ్చారు. ఆయన కాకినాడలో సర్కారు నౌకరీ చేసి రిటైరైన మనిషి.

‘గీజరు లక్షణంగా ఉందమ్మా. పోయినేడు దాకా ఈ వాటాలో ఉండి మేం వాడిందే. మా ఆవిడ పట్టుబడితే వెనక అంట్లు తోమే చోటికి కూడా వేడినీళ్ల లైను లాగించాను. ఈ మూసాపేట మొత్తంలో ఏ అద్దింట్లో ఉందో చెప్పండి చూద్దాం’ అన్నారు.

ఉంటే ఏం లాభం సార్, నీళ్లు వేడిగా ఉండాలి కదా అంది ప్రవళిక. మీ కుర్రాళ్లకి అన్నీ పొగలు కక్కుతూ కావాలండి అని నవ్వి ఆయన పైకి వెళ్లిపోయారు.

స్వామి చేతులు తుడుచుకున్నాడు. ‘మేడం, డబ్బాల నీళ్లు మస్తు కాగుతున్నయి. నేను చెయ్యి పెట్టి సూసిన. బయటికి అచ్చేటాలకు ఏమైతున్నదో నాకు సమజైతలేదు. ఒక్కసారి షాపుకు తీసుకపోయి సూస్త. ఐతారం అస్త. నేను అచ్చేటప్పటికి గీజరుకు నీళ్లుపోయే వాల్వు బంజేసి పెట్టుండ్రి’ అని వెళ్లాడు.

ఆదివారం పొద్దున్న మహేందర్ డ్యూటీకి పోయాక ప్రవళిక స్టూలు వేసుకుని గీజరు కింది వాల్వును బిగించింది. ఇప్పుడు గీజరులోకి నీళ్లు పోవు. లోపలికి పోకపోతే బయటికి రావు. పైపులో మిగిలిందేదో కారిపోయి ఆగుతుందని వేడినీళ్ల నల్లా తిప్పింది.

నీళ్లు కారాయి. కారుతూనే ఉన్నాయి. బకెట్టు నిండింది. చెయ్యి పెడితే ఐసులా ఉన్నాయి.

వాల్వు సరిగ్గా బిగియలేదేమోనని మళ్లీ స్టూలెక్కి చూసింది. బిగిసే ఉంది. గీజరు నుంచి చుక్క రాకూడదు. అయినా వేడినీళ్ల నల్లాలో చల్లనీళ్లు ధారగా వస్తున్నాయి. ప్రవళిక స్టూలు మీదే కూర్చుండిపోయింది. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలనేది ప్రయోగశాలలో నేర్చుకున్న పాఠం. ఇన్నాళ్లూ అందరూ గీజరునే మార్చారు. గీజరును పక్కన పెట్టాక కూడా నీళ్లు వస్తున్నాయంటే తప్పు గీజరుది కాదు. చల్లనీళ్లు ఇంకెక్కడినుంచో వేడినీళ్ల పైపులో దూరుతున్నాయి. అట్లా దూరాలంటే రెండు పైపులూ ఎక్కడో కలవాలి. ఈ గదిలో చల్లనీళ్ల నల్లా కట్టేసే ఉంది. మరి ఈ ఇంట్లో వేడినీళ్ల పైపు పోయే రెండో చోటు ఏది?

ఆమె వంటింటి వెనక్కి నడిచింది.

అంట్లు తోమే చోట గోడకు ఒకే మూతి ఉన్న నల్లా ఉంది. దానికి రెండు పక్కల రెండు తిప్పుళ్లు, ఒకటి వేడినీళ్లకు, ఒకటి చల్లనీళ్లకు. మూతికి నీలం రంగు పైపు బిగించి ఉంది. ఆ పైపు చివర ఒక చిన్న నల్లా. బాలమ్మకు మోకాళ్లు పట్టుకున్నాయి. పీట మీద కూర్చుంటే లేవడం కష్టం, లేస్తే కూర్చోవడం కష్టం. గుడ్డలు ఉతికేటప్పుడు మాటిమాటికీ లేవకుండా, కూర్చున్న చోటే నీళ్లు విప్పుకుని కట్టేసుకునేట్టు మహేందర్ బాలానగర్‌లో వెతికి మరీ చలి మొదలయ్యే ముందు ఈ పైపు తెచ్చాడు. నా కొడుకు నాకు ముసలితనంల కొత్త చెయ్యి తెచ్చిండని ఆమె సందంతా చెప్పుకుంది. గోడకున్న తిప్పుళ్లు రెండూ ఒకసారి తెరిచి పెట్టుకుంది, ఇంక ఎవరూ వాటి జోలికి పోలేదు. చేతిలోని నల్లా కట్టేస్తే నీళ్లు ఆగుతాయి, ఆగినట్టే కనిపిస్తాయి. కానీ గోడ దగ్గర వేడినీళ్లకూ చల్లనీళ్లకూ మధ్య దారి తెరుచుకునే ఉంది. ఇక్కడ మూతి మూసి ఉంది కనుక, స్నానాల గదిలో వేడినీళ్లు విప్పగానే చల్లనీళ్లు ఈ అడ్డదారిన వేడి పైపులోకి ఎక్కి అటు పరుగెత్తుతున్నాయి.

ప్రవళిక తిప్పుళ్లు రెండూ కట్టేసింది. స్నానాల గదిలో ధార సన్నబడి, చుక్కలై, ఆగింది.

గీజరు వాల్వు విప్పింది. స్విచ్ వేసింది. ఎర్రలైటు ఆరేదాకా అక్కడే నిలబడి బకెట్టు పట్టింది. అడుగు నుంచి అంచుదాకా ఆవిరి. చెయ్యి పెట్టి, చురుక్కుమంటే తీసింది, మళ్లీ పెట్టింది. పోసుకోవడానికి ఎవరూ లేని ఆ బకెట్టు పక్కన, నీళ్లు చల్లారేదాకా కూర్చుంది.

మహేందర్‌కు ఫోన్ చేసి చెబితే అతను స్వామిని రావద్దని తనే చెబుతానన్నాడు. తర్వాత, మెకానిక్ బాగు చేసిండని అమ్మకు చెబుదాం, పైపు మాట తేవద్దన్నాడు. ‘దవాఖానల ఒకసారి అన్నవు. ఇప్పుడు పైపు గూడ ఆమెదే అంటే ఇగ ఈ ఇంటి మెట్లు ఎక్కది’ అన్నాడు.

ప్రవళిక అత్తకు ఫోన్ చేసింది. నీళ్లు బాగయ్యాయంది. ఎట్లా బాగయ్యాయని బాలమ్మ అడిగింది. బాగయ్యాయి అత్తమ్మా అని మాత్రమే అనగలిగింది. అవతల పిల్లవాడు గిన్నె మీద గరిటె కొడుతున్నాడు. ఇంకా మంచు పడుతున్నదని, దారిలో గాలి తగులుతుందని, శివరాత్రికి చలి శివశివా అనుకుంటూ పోతుంది కదా, అప్పుడు చూద్దామని బాలమ్మ అంది. గొంతులో కోపం లేదు, దాచిపెట్టుకున్న వస్తువును ఎవరో అడిగినట్టు ఉంది.

శివరాత్రి దాకా అంటే వాడు నడుస్తాడు. మొదటి అడుగు ఆ వాకిట్లో వేస్తాడు. ప్రవళిక మర్నాడు సెలవు పెట్టి ఉప్పల్‌లో బస్సెక్కింది.

ఆమె వెళ్లేసరికి వాకిట్లో తానం నడుస్తోంది. కట్టెల పొయ్యి మీద కాగు, పక్కన గోలెంలో చల్లనీళ్లు. బాలమ్మ కాళ్లు చాపి, చీర మోకాళ్ల పైకి దోపి, వాణ్ణి కాళ్ల మీద వేసుకుని ఉంది. పొయ్యి పక్క నుంచి రాములు చెంబు అందిస్తున్నాడు. పిల్లవాడు ఒళ్లు చేశాడు. వాడి ముడతల్లో నీళ్లు జారుతుంటే కిలకిల నవ్వుతున్నాడు. ప్రవళిక చెప్పులు విడవకుండా దగ్గరికి పోయి కూర్చుని, ‘బుడ్డోడా’ అని పిలిచింది.

వాడు నవ్వు ఆపాడు. ఆమెను చూశాడు, చాలాసేపు చూశాడు. తర్వాత ముఖం తిప్పుకుని నానమ్మ చీర పట్టుకున్నాడు.

‘మీ అమ్మరా’ అంది బాలమ్మ. తుడిచి, తువ్వాలలో చుట్టి ఇవ్వబోయింది. వాడు ఏడుపు లంకించుకున్నాడు. మళ్లీ బాలమ్మే భుజాన వేసుకోవాల్సి వచ్చింది. మధ్యాహ్నం నిద్రమత్తులో ఉండగా ప్రవళిక వాణ్ణి రొమ్ముకు చేర్చుకుంటే, ఒక్కసారి నోరు పెట్టి, అలవాటు తప్పిన పిల్లవాడిలా తల పక్కకు తిప్పుకుని నిద్రపోయాడు. రవిక సర్దుకుంటుంటే బాలమ్మ చూసింది. లోపలికి వెళ్లి చాయ్ పెట్టుకొచ్చింది.

చాయ్ తాగుతూ ప్రవళిక మొత్తం చెప్పింది. మొగుడు వద్దన్న పైపు మాటతో సహా చెప్పింది. నేల మీద పుల్లతో రెండు గీతలు గీసి, ఇది వేడినీళ్ల పైపు, ఇది చల్లనీళ్లది, రెండూ అంట్లు తోమే చోట ఇట్లా కలుస్తున్నాయి అని చూపించింది.

‘నీ చేతిల తప్పు లేదత్తమ్మా. నువ్వు చెప్పిందే నిజం. బకెట్ల పట్టంగ పట్టంగ సల్లవడుతుండె. డాక్టర్ ముందట నేనే తెలువక అన్న.’

బాలమ్మ ఆ గీతలు కలిసిన చోట వేలు పెట్టి చూసింది. రాములు బీడీ ఆర్పేశాడు.

‘అంటే, నా పైపే నా మనుమన్ని నా దగ్గరికి తెచ్చిందన్నట్టు’ అంది. ‘మంచి పైపే.’

ఆమె నవ్వింది. నవ్వుతూనే కొంగుతో ముక్కు తుడుచుకుంది. అక్కడ పొద్దంతా నాలుగు గోడల నడుమ ఉంటుంటే తనకు ఈ వాకిలి మనసులో మెదిలేదని, ఇక్కడికొచ్చాక వాణ్ణి ఈ వాకిట్లో ఆడిస్తుంటే ఇద్దరికీ పాణం ఇక్కడే కుదురుకుందని, వాణ్ణి పంపితే తనకు పొద్దు ఎట్లా పోతుందో తెలియదని, ఇవన్నీ ఎవరితోనో చెప్పినట్టు పొయ్యివైపు తిరిగి చెప్పింది. పిలగాడు నీ పిలగాడే, తీసుకపో, ఎవరు కాదంటారంది.

ప్రవళిక వాణ్ణి తీసుకుపోవచ్చు. బస్సులో జనగామ నుంచి ఉప్పల్ దాకా వాడు ఏడుస్తాడు. రేపటినుంచి ఎవరో తెలియని ఆయమ్మ దగ్గర ఏడుస్తాడు. ఎనిమిది నెలల తల్లిని రెండు నెలల్లో మరిచినవాడు, నానమ్మను మరవడానికి ఎన్నాళ్లు పడుతుంది?

‘వాడొక్కడే నాకు వద్దత్తమ్మా’ అంది. ‘నువ్వు లేకుంటే వాడు నాతోని రాడు. నీ ఒళ్లనే ఉండనియ్యి. నా కండ్ల ముందట ఉంటే చాలు. మళ్ల నా దగ్గరికి ఎప్పుడస్తె అప్పుడే రానీ.’

బాలమ్మ ఖాళీ గ్లాసులు తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, మొగుడి వంక చూసింది.

‘బర్రెకు పొద్దుమీకి కుడితి పెట్టుడు యాది మరువకు. మొన్నటి లెక్క దాన్ని ఎండవెట్టకు’ అంది.

రాములు తల ఊపి, ‘నువ్వు పోతే బర్రె గూడ సుఖపడతది’ అన్నాడు. ఆమె అతని వైపు గ్లాసు విసరబోయినట్టు చెయ్యెత్తి, లోపలికి వెళ్లి గుడ్డల సంచి సర్దడం మొదలుపెట్టింది.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన బాలమ్మ, ఆమె పక్కన ప్రవళిక. పిల్లవాడు నానమ్మ ఒడిలో అడ్డంగా పడుకున్నాడు. చాలాసేపు తల్లి వంక అనుమానంగా చూసి, చూపు తిప్పుకుని, మళ్లీ చూసి, ఘట్‌కేసర్ రాకముందే నిద్రలోకి జారాడు. బాలమ్మ కూడా కునికింది. నిద్రలో వాడు ఒళ్లు విరుచుకుంటే ఒక పాదం జారి ప్రవళిక తొడ మీద పడింది. మేజోడు లేని పాదం, వెచ్చగా ఉంది. ఆమెకు దాన్ని రెండు చేతులా పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే లేచి తీసేసుకుంటాడు. ఉప్పల్ వచ్చేదాకా ఆమె కాలు కదపలేదు.